తలుపేసిన ఇల్లు

జూలై 6, ఆదివారం

తొలి ఏకాదశి. ఉపవాసం. పొయ్యి చల్లగా ఉంది.

కూరగాయల బుట్టను తొట్టి దగ్గర కడిగి, వంటింటి మూలలో బోర్లించాను. ఇక నెల రోజులు దానికి పని లేదు. కూరగాయ లేదు, ఆకుకూర లేదు, మిరపకాయ లేదు, చింతపండు లేదు. పెసరపప్పు, మిరియాలు, జీలకర్ర, పులుపుకు మామిడి ఒరుగు — వీటితోనే శాకవ్రతం. అత్తగారి కాలం నాటి బుట్ట. అంచు విరిగింది. మార్చబుద్ధి కాదు.

మధ్యాహ్నం కర్నూలు నుంచి వైదేహి ఫోన్. “మా, మన భోజనాల ఇంటికి పేజీ పెట్టించినా. హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్ళు చూసుకుంటారు. నువ్వూ నాయనా ఏమీ చెయ్యాల్సిన పని లేదు.” తన జీతంలోంచి కడుతోంది. ఎందుకు తల్లీ అంటే — “రైలు దిగేలోపలే అందరూ ఫోన్లో చూసుకోని వస్తాండారు మా. అందులో మన ఇల్లే లేదు.”

నిజమే. మఠం రోడ్డు పొడవునా కొత్త హోటళ్ళు, గాజు తలుపులు. మడితో వండి, నైవేద్యమయ్యాక వడ్డించే మా ఇంటికి సందులోకి తిరగాలి. తిరిగేవాళ్ళు తగ్గారు. పాతవాళ్ళే వస్తున్నారు — వాళ్ళకూ మోకాళ్ళ నొప్పులు.

బిడ్డ మనసు బాధపెట్టకూడదు. సరేనన్నాను.

జూలై 7

పారణ. ఉపవాసం విడిచాం. ఇల్లంతా మిరియాల వాసన. నది ఒడ్డు నుంచి గాలి... దుమ్ము. విస్తర్ల కట్ట మీద తడి గోనె కప్పాను.

జూలై 9, బుధవారం

హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నిఖిత అట. మా పేజీ చూసేది ఈమే. లేత గొంతు.

“ఆంటీ, మీ కిచెన్ ఫొటోలు కొన్ని పంపండి. వంట చేస్తుండగా తీసినవైతే ఇంకా బాగుంటాయి.”

వంట చేస్తుండగా... దేవుడి కంటే ముందు ఫోను చూడడమా. నైవేద్యం కాకముందు వంట మీద పరాయి చూపు పడకూడదు. అన్నం వాసన కూడా మేము కావాలని పీల్చం. ఇదంతా ఆ పిల్లకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. “మా వంటింట్లోకి ఎవరూ రారమ్మా” అని మాత్రం అన్నాను.

“నో ప్రాబ్లం ఆంటీ. మా దగ్గర మంచి ఫొటోలు ఉన్నాయి. మీరు టెన్షన్ పడకండి.”

ఫోన్ పెట్టేశాక ప్రాణం తేలికపడింది. మళ్ళీ పప్పు ఏరుకుంటూ కూర్చున్నాను.

జూలై 11, శుక్రవారం

ఖాజా ఆటో గేటు దగ్గర ఆగింది. స్టేషన్ నుంచి యాత్రికుల్ని తెచ్చేది అతనే. వాళ్ళ నాయన జట్కా తోలిన రోజుల నుంచి మాకు తెలుసు. దిగి, ఫోను చేయి చాచి చూపించాడు.

“అమ్మా, ఇది మనదేనా?”

పైన మా ఇంటి పేరు. కింద పెద్ద అరిటాకు. ఆకు నిండా బీన్స్ వేపుడు, ములక్కాయ సాంబారు, గుత్తి వంకాయ, పక్కన రెండు పచ్చిమిరపకాయలు కూడా. ‘ప్రతిరోజూ తాజా కూరగాయలతో మీ కోసం’ అని రాసి ఉంది.

“ఈ నెల మీకు కూరగాయ ఉండదు కదమ్మా. ఇంత పచ్చగా యాడ వండినారు?”

ఖాజాకు తెలుసు. ఆటో తోలే మనిషికి తెలిసింది పేజీకి తెలియలేదు. అయినా ఆ పేజీకి ఎవరు చెప్పారు గనక... అది మా ఆకు కూడా కాదు. మాకు అరిటాకులు ఎక్కడివి, మోదుగాకు విస్తర్లు కదా.

ఈయన వచ్చి కళ్ళద్దాలు పైకి నెట్టి చూశారు. చాలాసేపు చూశారు. “వంకాయ బాగుండాది” అన్నారు. కోపం వస్తే ఈయన ఇట్లాగే మాట్లాడతారు.

వైదేహికి ఫోన్ చేశాను. “ఎర్రగడ్డ, వెల్లుల్లి ఉండకూడదని గట్టిగా చెప్పినా మా. చూడు, అందులో అవి లేవు...” అంటూనే ఆగింది. “ఆషాఢం సంగతి చెప్పలేదు.”

చెప్పాల్సి వస్తుందని దానికెట్లా తోస్తుంది. మా ఇంట్లో ఒకరికొకరం ఎప్పుడూ చెప్పుకోని మాట అది. బుట్ట బోర్లిస్తే అందరికీ తెలుస్తుంది, అంతే.

జూలై 12

ఫొటో తీసేశారు. చూసినవాళ్ళ కళ్ళలోంచి ఎట్లా తీస్తారు...

జూలై 14, సోమవారం

రాయచూరు శ్రీనివాసాచార్ ఫోన్ చేశారు. ఏటా శ్రావణంలో మఠంలో జరిగే స్వామివారి ఆరాధనకు వాళ్ళ కుటుంబమంతా ఇక్కడికే వస్తుంది. పూర్వారాధన, మధ్యారాధన, ఉత్తరారాధన — మూడు రోజుల భోజనమూ మా ఇంట్లోనే. ఎప్పుడూ నెల ముందు ఆయనే ఫోన్ చేసి, నవ్వుతూ, “సుశీలమ్మా, మా దండు బయల్దేరతాండాది” అంటారు. ఈసారి నవ్వు లేదు.

“ఏం లేదమ్మా... ఈ ఏడు వేరే యాడన్నా చూసుకుందామని...”

ఎందుకని అడిగేలోపల ఆయనే అన్నారు — “అమ్మ చూసింది. పిల్లలు ఫోన్లో చూపించినారు. అప్పటి నుంచి ఒకటే మాట. ఆ ఇల్లు గూడా పోయింది, అంటాంది.”

“అది మా వంట కాదు స్వామీ. ఎవరో తెచ్చి పెట్టిన ఫొటో.”

“నాకు తెలీదా సుశీలమ్మా. ఆమెకెట్ల చెప్పేది? చెవులు పూర్తిగా పోయినాయి. చెయ్యి ఊపి చెప్పబోతే, నా కండ్లతో నేను చూసినా గదా, అంటాది.”

మరి వాళ్ళమ్మ, మా అవ్వ, భోజనం ఎక్కడ అని అడిగాను.

“యాడా చెయ్యదంట. మూడు దినాలు పాలు తాగి ఉంటాదంట. డాక్టరు ఈ మధ్యనే తిట్టినాడు, నీరసం శానా ఉండాదని. వింటే గదా.”

ఫోన్ పెట్టేశాక కూడా ఫోను చేతిలోనే ఉంది.

జూలై 15

అవ్వ మాకు చుట్టం కాదు. అత్తగారి స్నేహితురాలు. ఇద్దరూ తుంగభద్రలో కలిసి మునిగి, తడి చీరలతో ఒకరి వెనక ఒకరు వచ్చేవాళ్ళు. బయట మంచినీళ్ళు కూడా తాగని మనిషి, ఈ ఊళ్ళో మా ఇంట్లో మాత్రం కడుపునిండా తినేది.

అత్తగారు కాలం చేసిన ఏడు కూడా అవ్వ వచ్చింది. ఆకు ముందు కూర్చుని, నా ముఖం చూసి, “ఇప్పుడు ఎవరు చేస్తాండారు?” అని అడిగింది. “నేనే” అన్నాను. తినడం మొదలుపెట్టింది. కాసేపటికి చారు గిన్నె వైపు చేయి చూపించింది — ఇంకొంచెం అని. అంతే. ఆ రెండో గరిటె చారుతోనే ఈ వంటిల్లు నాదయింది.

ఆ మనిషి ఇప్పుడు మా వీధి చివరికొచ్చి, పాలు తాగి పడుకుంటుందట.

స్వామీ, ఆమె ఆకలి నా ఇంటి పేరు మీద ఉండకూడదు.

జూలై 16, బుధవారం

వైదేహికి ఇంకా కోపం తగ్గలేదు. ఆ కంపెనీ వాళ్ళ పైవాళ్ళకు రాస్తానంటోంది. ఈలోపల నిఖిత ఫోన్ — “ఆంటీ, సారీ ఆంటీ... పచ్చగా ఉంటే అందరికీ నచ్చుతుందనుకున్నా...” మాట పూర్తి కాలేదు. ఏడుస్తోంది.

ఎవరి బిడ్డో. తిన్నదో లేదో. “ముందు నీళ్ళు తాగమ్మా” అన్నాను.

తర్వాత వైదేహితో చెప్పాను — “ఆ పిల్లను వదిలెయ్. ఫొటోలు ఇమ్మని అడిగింది. నేను ఇయ్యలేదు. మన ఆకు మనం చూపించకపోతే ఎవరి ఆకో తెచ్చి పెట్టింది. దాని తప్పేముండాది?”

వైదేహి, “అయితే నువ్వే చూపించు” అంది. విసుగుతో అన్న మాట. కానీ పొద్దుపోయేదాకా ఆ మాట నన్ను వదల్లేదు.

జూలై 17

అవ్వకు చెవులు లేవు. కళ్ళున్నాయి. అద్దాలు పెట్టుకుని ఫోను బాగానే చూస్తుంది.

అయితే కళ్ళకే చెప్పాలి.

నిఖిత పేజీ తాళం — పాస్‌వర్డ్ — నాకు ఇచ్చేసింది. ఏ బొమ్మ నొక్కాలో ఫోన్లో నేర్పింది. “మీకు వచ్చేస్తుంది ఆంటీ.” పదో తరగతి లెక్కలు కూడా ఇంత కష్టపెట్టలేదు నన్ను.

జూలై 18, శుక్రవారం

మొదటి వీడియో: మా పైకప్పు, తిరుగుతున్న ఫ్యాను, నా బొటనవేలు. “అయిందా, లేదా?” అని నా గొంతే. ఈయన వెనక నిలబడి చూసి, “ఫ్యాను బాగా వచ్చింది, ఎలక్ట్రీషియన్‌కు పంపు” అన్నారు.

రెండోది కుదిరింది. బోర్లించిన బుట్ట. మూలలో ఎండ పడేవేళ తీశాను. విరిగిన అంచు కూడా కనబడుతుంది. కనబడనీ. కింద రాశాను — ‘ఆషాఢ మాసం. మా ఇంటి కూరగాయల బుట్ట.’ ఇంకేం రాయాలో తెలియలేదు. పెట్టేశాను.

పెట్టాక, నడివీధిలో నిలబడినట్టు.

జూలై 20, ఆదివారం

ఈయన సంధ్యావందనం ముగించి వచ్చి కూర్చున్నారు. కోప్పడలేదు. నెమ్మదిగానే అడిగారు.

“ఈ పొద్దు బుట్ట. రేపు పొయ్యి. ఎల్లుండి దేవునింట్లోకి వస్తాది ఆ ఫోను. గీత యాడ గీస్తావు?”

అడిగింది న్యాయమే. మధ్యాహ్నమంతా ఆలోచించాను. పొయ్యి వెలగకముందు చేసే పనులన్నీ ఎవరైనా చూడొచ్చు — పప్పు ఏరడం, మిరియాలు ఎండబెట్టడం, విస్తర్లు కుట్టడం, తొట్టి తోమడం. నైవేద్యమయ్యాక వడ్డించిన ఆకు చూడొచ్చు, అది ప్రసాదం. మధ్యలోది దేవుడిది. అప్పుడు తలుపు వేసి ఉంటుంది. అది చూపలేను.

ఈయనకు చెప్పాను. “మధ్యలోదే గదా అందరూ చూడాలనుకునేది” అన్నారు.

“అయితే తలుపే చూస్తారు” అన్నాను. ఊరికే అన్న మాట. అన్నాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

జూలై 22

విస్తరి కుట్టడం పెట్టాను. గాలికి ఆకులు లేచిపోతుంటే మోకాలితో అదిమి పట్టుకున్నాను. అదీ వచ్చింది వీడియోలో. తీసేద్దామనుకున్నాను. వద్దులే. మా ఊరి ఆషాఢం అదే కదా.

జూలై 27, ఆదివారం

వైదేహి వచ్చింది. మడిలో ఉన్నప్పుడు నేను ఫోను ముట్టను కాబట్టి అదే తీసింది, నడవలో పీట వేసుకుని. లోపల నేనూ ఈయనా. తలుపు వేసి ఉంది.

తర్వాత చూశాను. తలుపు తప్ప ఏమీ లేదు. మసి పట్టిన చెక్క, ఇత్తడి గొళ్ళెం, గడప మీద నిన్నటి ముగ్గు. లోపల రోట్లో మిరియాలు దంచుతున్న చప్పుడు. నేతిలో జీలకర్ర చిటపట. ఈయన కన్నడంలో దాసర పదం పాడుతున్నారు. రోజూ గొణుగుతారు, ఈ రోజు మాత్రం గొంతెత్తి. ఆ ఫోనంటే పడని మనిషి. వైదేహి నవ్వు ఆపుకోలేక ఫోను కాస్త ఊపేసింది.

నేను లోపలి నుంచే అన్నాను, “ఇంతవరకే కనబడుతుందమ్మా. మిగిలింది దేవుడు చూసినాక.” అది బిడ్డతోనే అన్నాను. వీడియోలో వచ్చేసింది. వైదేహి అదే చివర పెట్టింది. ఆ తర్వాత తలుపు తెరుచుకోవడం, మోదుగాకు విస్తరిలో అన్నం, పెసరపప్పు తొవ్వ, మామిడి ఒరుగు చారు. పచ్చటిది ఒక్కటీ లేదు ఆకులో. అంతా పసుపు, తెలుపు.

“అవ్వ చెవులకు వినపడదు కదా మా, ఇందులో సగం చప్పుళ్ళే ఉండాయి” అంది వైదేహి.

తలుపు కనబడుతుంది. చాలు.

జూలై 29

నిఖిత నవ్వుతోంది ఫోన్లో. “వంట కనిపించకుండా వంట వీడియో ఏంటి ఆంటీ? మా ఆఫీసులో ఇది పెట్టి ఉంటే నన్ను కుర్చీలోంచి లేపేసేవాళ్ళు.” మళ్ళీ తనే — “మా అమ్మమ్మకి చూపించా. మళ్ళీ పెట్టమంది.”

“అన్నం తిన్నావా?” అని అడిగాను. తినలేదట. తిట్టాను.

జూలై 31, గురువారం

గురువారం కదా, జనం బాగా వచ్చారు. ఖాజా ఆదోని వాళ్ళను దింపాడు, కొత్తవాళ్ళు. దింపి, డబ్బులు తీసుకుంటూ నాకేసి చూసి నవ్వాడు.

“అమ్మా, స్టేషన్లో ఏమని అడుగుతాండారో తెలుసా? ఆ తలుపేసిన ఇల్లు యాడుండాది, అంటాండారు. మన ఇంటి పేరు ఎవ్వరికీ పట్టలేదు.”

ఈయన లోపలి నుంచి, “మంచిది. హోటలోళ్ళు తలుపులు తెరుచుకోని కూర్చుంటే మనం మూసుకోని కూర్చున్నాం.”

ఆదోని ఆమె ఆకు ముందు కూర్చుని, “లోపల పాడింది ఎవరండీ?” అని అడిగింది. ఈయన ఎక్కడలేని పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఖాజాతో అన్నాను — ఆ రోజు నువ్వు చూపించకపోతే మాకు తెలిసేదే కాదప్పా. “మాకూ నెల పొడవునా ఉపవాసాలు, రోజాలుంటాయి కదమ్మా. నెల పట్టినోనికి నెల పట్టినోని సంగతి తెలుస్తాది” అన్నాడు. అని, ఆటో తిప్పుకుని పోయాడు.

ఆగస్టు 1

రాయచూరు నుంచి ఏమీ లేదు.

ఆగస్టు 2, శనివారం

శ్రీనివాసాచార్‌కు తలుపు వీడియో పంపాను. ‘అవ్వకు చూపించండి’ అని రాశాను. టిక్కులు నీలం అయ్యాయి. జవాబు లేదు. మళ్ళీ మళ్ళీ తీసి చూడటం... ఇదేం జపం.

ఒక అనుమానం పీకుతోంది. నేను చేస్తున్నది ఏమిటి? వ్రతం దేవుడి కోసం. దాన్ని ఊరికి చూపిస్తే అందులో ఏం మిగులుతుంది? అత్తగారు ఉంటే ఒప్పుకునేవారా? గోడకు బోర్డు కూడా వద్దన్న మనిషి.

కానీ అప్పట్లో ఆవిడ బోర్డు పెట్టకపోతే బోర్డు ఉండేది కాదు, అంతే. ఇప్పుడు నేను ఊరుకుంటే ఖాళీగా ఉండదు. ఎవరో ఒకరు మా పేరు కింద వంకాయ పెడతారు. మంచి మనసుతోనే పెడతారు. మా సంగతి మాకంటే బాగా చెప్పేవాళ్ళు దొరకరనే గర్వం కాదు ఇది. మా సంగతి మాకు తప్ప తెలియదు. అంతే.

ఇట్లా రాసుకుంటే న్యాయంగానే కనబడుతోంది. అయినా రేపు పొద్దున మఠంలో స్వామివారి బృందావనం ముందు నిలబడి అడగాలి.

ఆగస్టు 3

అడిగాను. జవాబు తెలియలేదు. తిరిగొచ్చేటప్పుడు నది చూశాను. ఎర్రటి నీళ్ళు, మెట్ల దాకా. డ్యాము వదిలినట్టున్నారు. వీడియో తీయలేదు. నది మాది కాదు.

ఆగస్టు 5, మంగళవారం

ఏకాదశి. శాకవ్రతం ముగిసింది. ఇక నెల రోజులు పెరుగు లేదు, మజ్జిగ లేదు. రేపు పారణకు మళ్ళీ కూరగాయలు.

బుట్టను లేపి నిలబెట్టాను. దాని చోట పెరుగు కుండ కడిగి బోర్లించాను. రెండూ ఒకే వీడియోలో — బుట్ట లేవడం, కుండ బోర్లాపడడం. ఈయన పక్క నుంచి, “బుట్టకు సెలవులు అయిపోయినాయి, కుండకు మొదలైనాయి” అన్నారు. మాట కూడా అందులో పడింది. తీయలేదు.

ఈసారి బొటనవేలు అడ్డం రాలేదు.

అవ్వ చూస్తుందని తీశాను. ఊరందరి కోసం అనుకుంటే ఏం చూపించాలో తోచదు నాకు. ఒక్క మనిషి అనుకుంటే తోస్తుంది. ఆమె అద్దాలు ముక్కు మీదికి జరుపుకుని చూడటం కనబడుతుంది.

ఆగస్టు 6

గోరుచిక్కుడు. ఈయన రెండుసార్లు వడ్డించుకున్నారు. నెల తర్వాత మిరపకాయ... కళ్ళల్లో నీళ్ళు.

ఆగస్టు 8, శుక్రవారం

ఆరాధనకు సున్నం కొట్టించాం. వైదేహి సెలవు పెట్టి వచ్చింది. ఫోన్లు వస్తున్నాయి — బళ్ళారి, గద్వాల, అనంతపురం. “తలుపు చూశామమ్మా” అంటారు. పేరు చెప్పకముందే ఆ మాట. సంతోషమే. ప్రతి ఫోనూ రాయచూరుదేమో అని తీస్తాను. కాదు.

ఆగస్టు 9, శనివారం. పౌర్ణమి.

సాయంత్రం ఖాజా వచ్చాడు. గేటు పట్టుకుని నిలబడి అన్నాడు —

“రాయచూరోళ్ళు దిగినారమ్మా. నా బండిలోనే వచ్చినారు. మఠం రోడ్డు లాడ్జికి పొమ్మన్నారు.”

అవ్వ ఎట్లా ఉంది అని అడిగాను.

“శానా చిక్కింది. సంచి ఒళ్ళో పెట్టుకోని కూసోనింది. మన సందు కాడ బండి నెమ్మది చేసినా. తల తిప్పి చూసింది. ఆపమనలేదు.”

ఈయన, “చూసింది కదా” అన్నారు.

నెమ్మది చేసినందుకు ఖాజాకు ఏమిచ్చుకోవాలి.

ఆగస్టు 10, ఆదివారం. పూర్వారాధన.

తెల్లవారకముందు నుంచి నిలబడే ఉన్నాను. మైకులు, జనం, సందు దాకా చెప్పులు. నైవేద్యమయ్యాక పంక్తి మీద పంక్తి. కొత్త ముఖాలు. గడప దాటేటప్పుడు తలుపు వైపు చూసి నవ్వుకుంటున్నారు. చిన్నపిల్ల ఒకత్తి గొళ్ళెం పట్టుకుని ఫొటో దిగుతానంది. వైదేహి వద్దని ఎత్తుకుంది.

శ్రీనివాసాచార్ కుటుంబం రాలేదు. వాళ్ళు కూర్చునే వరుస — గోడ పక్కన — అక్కడ గద్వాల వాళ్ళు కూర్చున్నారు. వడ్డిస్తూ అక్కడికి వచ్చినప్పుడల్లా చారు గరిటె చేతిలో తేలిగ్గా అనిపించింది.

అందరూ లేచాక, మేము ఇంకా తినకముందు, గేటు చప్పుడైంది.

అవ్వ.

మనవడి భార్య కావేరి చేయి పట్టుకుని నడిపించుకొస్తోంది. కావేరి ఇంకో చేతిలో రాగి బిందె, బిందెలో తడి చీర. అవ్వ కట్టుకున్న చీరా తడిసే ఉంది, నదిలో మునిగి వచ్చినట్టుంది. మెట్టు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. నేను చేయి ఇవ్వబోయాను. తీసుకోలేదు. మెట్టు ఎక్కాక ఊపిరి తీసుకుని అంది —

“లాడ్జిలో దండెం కిందనే అందరూ తిరుగుతాండారు. తగిలితే మడి పోతాది. ఈడ ఆరేసుకుంటా.”

అంతే. భోజనం మాట లేదు. ఫొటో మాట లేదు. నా ముఖం కూడా సరిగా చూడలేదు.

నేనింకా మడిలోనే ఉన్నాను కాబట్టి చీర నేనే తీసుకున్నాను. పిండి, వంటింటి నడవలో పైన కట్టిన దండెం మీద కర్రతో పరిచాను. అత్తగారి చీర ఆరిన చోటే. అవ్వ తలెత్తి, మడతలు సరిగా పడ్డాయో లేదో చూసింది. ఎడమ కొస కాస్త ఇటు, అని వేలితో చూపించింది. జరిపాను.

తర్వాత వంటింటి వైపు తిరిగింది. తలుపు అప్పుడు తెరిచే ఉంది. దాని ముందు నిలబడి, పైనుంచి కిందికి చూసింది. గొళ్ళెం చూసింది. లోపల మూలలో బోర్లించిన పెరుగు కుండ... అదీ చూసింది.

“తలుపు శానా చిన్నగుండాదే. ఫోన్లో పెద్దగా కనపడినాది” అంది.

నేను ఏదో చెప్పబోయాను. ఆమెకు వినబడదు కదా. చేతులు జోడించాను. అప్పుడు చూసింది నన్ను. ఆమే కావేరి భుజం తట్టింది, పోదామని.

గేటు దగ్గర కావేరి వెనక్కి తిరిగి, చిన్నగా, “పొద్దున్నుంచి పాలే అత్తయ్యా. అవీ సగమే” అంది. రేపు వస్తారా అని అడగాలనుకున్నాను. వాళ్ళు సందు మలుపు దాటేదాకా నిలబడ్డాను.

ఈయన వచ్చి దండెం కింద ఆగారు. చుక్క ఒకటి భుజం మీద పడితే పక్కకు జరిగారు.

“చీర కోసం రేపు పొద్దున రావాల్సిందే కదా” అన్నారు.

“ఊ.”

“వస్తే, చీర తీసుకోని పోతాదా, కట్టుకోని ఆకు ముందు కూర్చుంటాదా?”

వైదేహి ఫోను తీసి దండెం వైపు ఎత్తింది. నేను తల అడ్డంగా ఊపాను. దించేసింది.

రేపు మధ్యారాధన. ఎసట్లో ఆమె గుప్పెడు బియ్యం పోయాలా, వద్దా... గోడ పక్క చోటు ఎవరినీ కూర్చోనివ్వకుండా పెట్టమని వైదేహికి చెప్పాను. చీర కొస నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. ముగ్గు మీద పడుతున్నాయి. తుడవలేదు.